వించా, ఏరోటోనా? క్లబ్బా, స్కూలా? గ్లైడర్ నేర్చుకోబోయే వాళ్ల కోసం

గ్లైడర్ నేర్చుకోవాలని వాకబు చేసే రోజుల్లో నేను కనపడిన ప్రతివాళ్లనీ అడిగింది ఒకటే: "గంటకి ఎంతవుతుంది?" అడగాల్సింది అది కాదని సోలో (ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా ఎగరడం) అయ్యాక, లాగ్‌బుక్ వెనక్కి తిరగేస్తుంటే అర్థమైంది. "నెలకి ఎన్ని ల్యాండింగులు దొరుకుతాయి?" అని అడిగి ఉండాల్సింది.

మామూలు గ్లైడర్‌కి ఇంజిన్ ఉండదు కాబట్టి దిగడంలో రెండో ఛాన్స్ ఉండదు. ఇంజిన్ ఉన్న విమానమైతే రన్‌వే మీదికి మరీ ఎత్తులో వచ్చినా, వంకరగా వచ్చినా పవర్ పెట్టి ఇంకో చుట్టు తిరిగి రావచ్చు. మనకి ఆ వెసులుబాటు లేదు. ఎత్తు ఎంత మిగిలిందో, గాలి ఎటు తోస్తోందో, ఎయిర్‌బ్రేక్ (గ్లైడర్‌ని త్వరగా కిందికి దించడానికి రెక్కల మీద తెరిచే పలక) ఎంత తెరవాలో అన్నీ మొదటిసారే సరిపోవాలి. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అంటే కుదరదు. మిమ్మల్ని ఒంటరిగా పంపేముందు ఇన్‌స్ట్రక్టర్ చూసేది మీరు ఎన్ని గంటలు ఎగిరారని కాదు, పక్కన ఎవరూ చెప్పకపోయినా ప్రతిసారీ అనుకున్న చోట దిగగలుగుతున్నారా అని. ఆ చెయ్యి కుదరాలంటే ల్యాండింగులు ఎక్కువ ఉండాలి, వాటి మధ్య రోజులు తక్కువ ఉండాలి. కింద నేను చెప్పేవన్నీ ఈ ఒక్క కొలతతో చూసినవే. మీ కొలత వేరైతే, అంటే లైసెన్సు అక్కర్లేదు, ఎప్పుడైనా ఒకసారి సరదాగా మేఘాల దగ్గరికి వెళ్లొస్తే చాలు అనుకుంటే, జవాబులు కూడా మారతాయి.

పైకి ఎలా వెళ్లాలి?

కొండ అంచు నుంచి రబ్బరు తాడుతో వడిసెల రాయిలా విసరడం దగ్గర్నుంచి సొంత మోటారుతో లేవడం దాకా గ్లైడర్‌ని పైకి చేర్చే పద్ధతులు చాలా ఉన్నాయి. నేర్చుకునేవాళ్ల ముందు ఉండేవి మాత్రం ముఖ్యంగా రెండు: వించ్, ఏరోటో.

వించ్ అంటే మైదానం అవతలి చివర నిలబెట్టిన పెద్ద ఇంజిన్, దానికో డ్రమ్ము, డ్రమ్ముకి చుట్టుకునే కిలోమీటరు పైచిలుకు కేబుల్. కేబుల్ కొసని గ్లైడర్ పొట్ట కింద ఉన్న హుక్‌కి తగిలిస్తారు. సైగ అందగానే గడ్డిలో పడి ఉన్న కేబుల్ పాములా కదిలి బిగుసుకుంటుంది. ఆ తర్వాత మూడు నాలుగు సెకన్లలో మీరు గాలిలో ఉంటారు. ఇంకాసేపటికి ముక్కు నలభై డిగ్రీలు పైకి లేచిపోయి, ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. పరుగెత్తుతూ గాలిపటం ఎగరేసినట్టే, కాకపోతే గాలిపటంలో కూర్చున్నది మనం. ముప్పావు నిమిషంలో 300 నుంచి 450 మీటర్ల ఎత్తు. పసుపు రంగు నాబ్ లాగితే కేబుల్ ఊడి, కొసనున్న చిన్న పారాచూట్‌తో కిందికి వెళ్లిపోతుంది. అప్పటిదాకా చెవుల్లో ఉన్న హోరు ఒక్కసారిగా తగ్గుతుంది.

ఏరోటోలో చిన్న విమానమొకటి యాభై అరవై మీటర్ల తాడుతో మిమ్మల్ని లాక్కుంటూ పోతుంది. ఐదారు నిమిషాల్లో 600 మీటర్లకి చేరతారు. కావాలంటే ఇంకా పైకి, కావాలంటే పక్కనున్న మంచి మేఘం కిందికి తీసుకెళ్లి వదిలేస్తుంది. ఇది వినడానికి హాయిగా ఉంటుంది. చేత్తో చేస్తే తెలుస్తుంది అసలు సంగతి. ముందున్న విమానం ఎటు వంగితే అటు, ఎంత లేస్తే అంత, మీరూ ఉండాలి. ఒకరకంగా ఇది ఫార్మేషన్ ఫ్లయింగ్, అదీ తాడు కట్టుకుని. నేను మొదటిసారి స్టిక్ (గ్లైడర్‌ని చేత్తో నడిపే కర్ర) తీసుకున్నప్పుడు కుడివైపు జరిగాం, సరిచేయబోతే ఎడమవైపు అంతకంటే ఎక్కువ జరిగాం, మళ్లీ కుడి. బావిలో బొక్కెన ఊగినట్టు నాలుగు ఊపులు అయ్యాక వెనక సీట్లోంచి "నాకివ్వు" అన్న మాట వినిపించింది.

ఇప్పుడు లెక్క చూడండి. సులువుగా ఉండాలని, లిఫ్ట్, అంటే పైకి లేచే గాలి, దొరకని రోజు గ్లైడర్ సెకనుకి ఒక మీటరు కిందికి దిగుతుందనుకుందాం. వించ్ నుంచి 350 మీటర్లలో విడిపోతే ఆరు నిమిషాల్లోపే నేల మీద ఉంటారు. అందులో సగం సర్క్యూట్‌కే, అంటే దిగేముందు మైదానం పక్కగా వేసే చుట్టుకే పోతుంది. ఏరోటోలో 600 మీటర్ల నుంచి పది నిమిషాలు, లాక్కెళ్లిన సమయంతో కలిపి పదిహేను. నిమిషాల ప్రకారం చూస్తే ఏరోటోదే పైచేయి. ల్యాండింగుల ప్రకారం చూస్తే పూర్తిగా తిరగబడుతుంది: ఒక ఏరోటో ఖర్చులో ఎక్కడైనా కొన్ని వించ్ లాంచ్‌లు వస్తాయి, ప్రతిదానికీ ఒక టేకాఫ్, ఒక సర్క్యూట్, ఒక ల్యాండింగ్ ఉంటాయి. పైగా వించ్ మీద నేర్చుకున్నవాళ్లు ఎప్పుడూ తక్కువ ఎత్తులోనే ఉంటారు కాబట్టి "ఇప్పుడు ఎక్కడ దిగాలి" అన్న ఆలోచన వాళ్ల బుర్రలోంచి పోదు.

వించ్‌కి ఒక ధర ఉంది, అది డబ్బు రూపంలో కాదు. తప్పు జరిగితే ఆలోచించే టైమ్ చాలా తక్కువ. పరుగు మొదలయ్యేటప్పుడు రెక్క నేలకి తగలబోతే ఆ క్షణమే నాబ్ లాగాలి, సర్దుకుంటుందేమో చూద్దాం అనడానికి లేదు. అందుకే ఎడమ చెయ్యి మొదటి నుంచీ నాబ్ మీదే ఉంటుంది. ఇక కేబుల్ తెగడం. ఇది అరుదైన విషయం కాదు, ట్రైనింగ్‌లో మామూలు పాఠం. నా ముప్పై ఒకటో లాంచ్‌లో, దాదాపు 80 మీటర్ల దగ్గర, వెనక సీట్లోంచి ఇన్‌స్ట్రక్టర్ చెప్పాపెట్టకుండా కేబుల్ వదిలేశారు. ఠక్‌మని శబ్దం. ముక్కు ఇంకా ఆకాశం వైపే, స్పీడ్ మాత్రం చేతిలోంచి ఇసుకలా జారిపోతోంది. స్టిక్ ముందుకి తోశాను, అంతవరకూ సరే. తోయగానే చెయ్యి దానంతటదే నీలం రంగు ఎయిర్‌బ్రేక్ లీవర్ మీదికి వెళ్లింది. లాగితే రాలేదు. వెనక సీట్లో ఆ లీవర్‌ని ఆయన గట్టిగా పట్టుకుని ఉన్నారు.

"స్పీడ్ ఎంత?"

చూశాను. 70. ముక్కు కిందికి ఉంది కదా అని స్పీడ్ వచ్చేసినట్టు అనుకున్నాను. రాలేదు, వస్తోంది. 80, 90. "ఇప్పుడు తెరువు" అన్నారు. ఎదురుగా ఫీల్డ్ ఇంకా బోలెడు మిగిలి ఉంది. ముక్కు దించు, స్పీడ్ వచ్చేదాకా ఆగు, ఆ తర్వాతే బ్రేక్ అయినా మలుపైనా. ఈ మూడు ముక్కలు పుస్తకంలో పదిసార్లు చదివాను. "ఆగు" అన్నది మాత్రం ఆ రోజే ఒంటికి పట్టింది.

ఏరోటోకీ దాని ప్రమాదం దానికి ఉంది. తాడుతో ఉండగా గ్లైడర్ మరీ పైకి లేచిపోతే లాగే విమానం తోక పైకి ఎత్తుకుపోయి, దాని ముక్కు నేల చూస్తుంది. తక్కువ ఎత్తులో ఇది అవతలి పైలట్ ప్రాణానికే ముప్పు. లాగే విమానం కనిపించకుండా పోయిన మరుక్షణం తాడు వదిలేయాలి. ఇక్కడ మీ పొరపాటు ఇంకొకరి మీద పడుతుంది. కొత్తవాళ్లకి ఏరోటో స్టిక్ ఆలస్యంగా ఇచ్చేది అందుకే.

నన్నడిగితే, మీకు అందుబాటులో వించ్ ఉంటే వించ్‌తో మొదలుపెట్టండి. స్టాల్ (స్పీడ్ చాలక రెక్క ఎత్తే శక్తి కోల్పోవడం), స్పిన్ (అలా స్టాలై గిరగిరా తిరుగుతూ కిందికి పోవడం) లాంటి ఎత్తు కావాల్సిన పాఠాలకి మాత్రం అప్పుడప్పుడు ఏరోటో తీసుకోండి. ఏరోటో ఒక్కటే ఉన్న చోట దిగులు పడక్కర్లేదు, కాకపోతే ప్రతిసారీ 600 మీటర్లకి వెళ్లకుండా, సోలో దగ్గరపడ్డాక 300 మీటర్ల దగ్గర విడిపించి సర్క్యూట్లు చేయిస్తారేమో అడగండి. ఈ ఎంపిక జీవితాంతానికీ కాదు కూడా. యూరప్ నిబంధనల్లో లైసెన్సుకి ఇంకో లాంచ్ పద్ధతి కలుపుకోవాలంటే వించ్‌కి ఇన్‌స్ట్రక్టర్‌తో 10, సోలోగా 5 లాంచ్‌లు, ఏరోటోకి ఇన్‌స్ట్రక్టర్‌తో 5, సోలోగా 5 చాలు.

ఒక చిన్న చిక్కు చెప్పి ముందుకెళ్తాను. యూరప్‌లో లైసెన్సుకి కనీసం 15 గంటల ట్రైనింగ్, 45 లాంచ్‌లు, ల్యాండింగులు కావాలి. అమెరికాలో విమాన అనుభవం లేనివాళ్లకి కనీసం 10 గంటలు, 20 ఫ్లైట్లు, 2 గంటల సోలో, అందులో 10 లాంచ్‌లు, ల్యాండింగులు. రెండు చోట్లా 14 ఏళ్లకి సోలో, 16 ఏళ్లకి లైసెన్సు. వించ్ విద్యార్థులకి లాంచ్‌ల లెక్క ఇట్టే నిండిపోతుంది, గంటలు మాత్రం నత్తనడక నడుస్తాయి. 45 లాంచ్‌లు ఆరేసి నిమిషాల చొప్పున నాలుగున్నర గంటలే కదా. మిగతా గంటలు థర్మల్స్‌లో, అంటే ఎండకి వేడెక్కి పైకి లేచే గాలిలో తిరిగి సంపాదించుకోవాలి. దానికి మధ్యాహ్నం ఎండ కావాలి, అందరికీ ఆ టైమే కావాలి. అందుకని మొదటి ఇరవై ముప్పై లాంచ్‌లు గాలి నిలకడగా ఉండే పొద్దుటి పూటో సాయంత్రమో చేసుకుని, మధ్యాహ్నాలు తర్వాతి దశకి ఉంచుకుంటే మంచిది. మొదట్లో మధ్యాహ్నం ఎగిరితే, గ్లైడర్ ఊగింది గాలి వల్లో మన చేతి వల్లో తెలియక బుర్ర పాడవుతుంది.

క్లబ్బా, స్కూలా?

క్లబ్‌లో నా మొదటి శనివారం: పొద్దున్నే హ్యాంగర్ తలుపులు తోయడం, గ్లైడర్లు బయటికి లాగడం, తుడవడం, రెక్క పట్టుకుని పరుగెత్తడం, దిగిన గ్లైడర్‌ని బండికి కట్టి వెనక్కి తేవడం, ఎవరు ఎప్పుడు లేచారో ఎప్పుడు దిగారో కాగితం మీద రాయడం. తొమ్మిది గంటలు ఉంటే నాకు దక్కినవి రెండు ఫ్లైట్లు, మొత్తం పద్నాలుగు నిమిషాలు. ఇంటికొస్తూ ఇదెక్కడి వెట్టి చాకిరీ అనుకున్నాను.

స్కూల్‌లో అలా ఉండదు. టైమ్ బుక్ చేసుకుంటారు, ఒకే ఇన్‌స్ట్రక్టర్ ఉంటారు, గంటన్నరలో మూడు ఫ్లైట్లు చేసి వెళ్లిపోతారు. డబ్బు ఎక్కువ, టైమ్ తక్కువ. క్లబ్‌లో డబ్బు తక్కువ, టైమ్ ఎక్కువ. చాలా చోట్ల క్లబ్ ఇన్‌స్ట్రక్టర్లు వేరే ఉద్యోగాలు చేసుకుంటూ సెలవు రోజుల్లో ఫీజు లేకుండా నేర్పేవాళ్లు. మీ జీవితంలో ఈ రెండిట్లో ఏది కరువో చూసుకుంటే తేలిపోయే విషయంలా కనిపిస్తుంది.

అంత తేలిక కాదు. క్లబ్‌లో నేల మీద నిలబడిన ఆ గంటలు వృథా కావని నాకు ఐదో వారానికి తెలిసింది. లాంచ్ పాయింట్‌లో నిలబడి ఒక్కరోజులో ఇతరుల ల్యాండింగులు ముప్పై నలభై చూస్తాం. ఎవరు బేస్ లెగ్‌లో (సర్క్యూట్‌లో ఆఖరి మలుపుకి ముందు ముక్కలో) మరీ దూరం పోయారు, ఎవరికి ఎదురుగాలి చాలక దిగే చోటు ముందుకి జారింది, పక్కనున్న పాతవాళ్లు ఏమని గొణుక్కుంటున్నారు, ఇవన్నీ చెవిన పడతాయి. ఒకాయన ప్రతి ల్యాండింగ్‌కీ ముందే "కాస్త ఎత్తు", "కాస్త తక్కువ", "సరిగ్గా ఉంది" అని జోస్యం చెప్పేవాడు. నేనూ పక్కన నిలబడి మనసులో చెప్పుకోవడం మొదలుపెట్టాను. మొదట్లో సగం తప్పేవి. రెండు నెలలకి తప్పడం తగ్గింది, అదే నెలలో నా సొంత అప్రోచ్‌లు కూడా కుదుటపడ్డాయి. స్కూల్‌లో నేర్చుకునేవాళ్లకి నా సలహా ఇదే: మీ టైమ్ అయ్యాక వెంటనే వెళ్లిపోకండి, ఇంకో గంట అక్కడే నిలబడండి.

క్లబ్‌తో అసలైన ఇబ్బంది మారే ఇన్‌స్ట్రక్టర్లు. ఒక వారం ఒకరు "స్పీడ్ చూసుకో" అంటారు, ఇంకో వారం ఇంకొకరు మీటరు మీద చెయ్యి పెట్టి "దాన్ని చూడకు, ముక్కు ఎక్కడుందో చూడు" అంటారు. ఇద్దరూ కరెక్టే, కానీ పదో ఫ్లైట్‌లో ఉన్నవాడికి అది అర్థం కాదు. మొదటి ఇరవై ఫ్లైట్ల దాకా ఒకరిద్దరినే పట్టుకోండి. ఆ తర్వాత మాత్రం కావాలనే ఇంకొకరితో ఎగరండి, మీ తప్పు మీ ఇన్‌స్ట్రక్టర్‌కి అలవాటైపోయి ఉండొచ్చు. క్లబ్ ఏదైనా ప్రతి విద్యార్థికీ ఒక ప్రోగ్రెస్ కార్డు ఉందా, ఎగిరిన ప్రతిసారీ దాంట్లో ఎవరైనా రాస్తున్నారా అన్నది చూసి చేరండి. కార్డు లేని చోట ప్రతి వారం మళ్లీ ఓనమాల దగ్గర మొదలుపెడతారు.

వారానికో రోజా, ఏకబిగిన రెండు వారాలా? నేను వారానికో రోజు చేశాను. వానలు, పెళ్లిళ్లు, ఆఫీసు పనులు కలిసి మధ్యలో ఒకసారి నాలుగు వారాలు పోయాయి. తిరిగి వెళ్లాక పాత స్థాయికి రావడానికే రెండు రోజుల ఫ్లైట్లు ఖర్చయ్యాయి. ఆ నాలుగు వారాలు ఎగరక మిగిలిన డబ్బు ఎక్కడికి పోయిందో చూశారుగా. ఏకబిగిన చేసేవాళ్లు నిన్నటి తప్పుని ఈ రోజే దిద్దుకుంటారు, సోలోకి తొందరగా వెళ్తారు. కానీ రోజుకి ఆరేడు ఫ్లైట్లు దాటాక బుర్ర ఏమీ పట్టించుకోదు. ఆ రెండు వారాలూ మబ్బు పట్టి కూర్చుంటే చేసేదేమీ ఉండదు. సెలవు దొరికేవాళ్లకి నేను చెప్పేది మధ్యేమార్గం: ముందు క్లబ్‌లో నాలుగైదు వారాలు వెళ్లి కాళ్లూ చేతులూ అలవాటు చేసుకోండి, ఆ తర్వాత ఒక వారం ఏకబిగిన చేయండి. మొదటి రోజే కోర్సులో దూకితే సగం వారం స్టిక్, రడ్డర్ (కాలి పెడళ్లతో తిప్పే తోక పలక) కలపడానికే పోతుంది.

ఏ గ్లైడర్ మీద?

దీని మీద కొత్తవాళ్లు అనవసరంగా ఎక్కువ టెన్షన్ పడతారు. చాలా చోట్ల మీకు ఎంచుకునే అవకాశమే ఉండదు, ఉన్న రెండు సీట్ల గ్లైడర్‌లో ఎక్కుతారు, అంతే. అయినా తేడాలు తెలిస్తే మంచిది. ఏఎస్‌కే 21 ఫైబర్‌గ్లాస్‌ది, 1979లో మొదట ఎగిరింది, గ్లైడ్ రేషియో 34 దగ్గర. అంటే నిశ్చలమైన గాలిలో ఒక మీటరు దిగేలోపు 34 మీటర్లు ముందుకి పోతుంది. దాని అన్న ఏఎస్‌కే 13 చెక్క, స్టీలు గొట్టాలు, గుడ్డతో చేసింది, 28 దగ్గర. అమెరికాలో తరతరాలు నేర్చుకున్న ష్వైట్జర్ 2-33 అయితే 22, 23 మాత్రమే.

34 పెద్దది కాబట్టి అదే మంచిదనుకుంటే పొరపాటు. నేర్చుకునేవాళ్లకి కావాల్సింది తప్పుని వెంటనే చూపించే గ్లైడర్. గుడ్డ గ్లైడర్‌లో రడ్డర్ మరచిపోతే గాలి పక్కనుంచి చెంప మీద తగులుతుంది, శబ్దం మారుతుంది. ఫైబర్‌గ్లాస్‌ది మర్యాదస్తురాలు, తప్పుల్ని మౌనంగా భరిస్తుంది, స్పీడ్ మాత్రం చూస్తుండగానే పెంచేస్తుంది. ఏఎస్‌కే 21 మామూలుగా స్పిన్‌లోకి వెళ్లడానికి ఇష్టపడదు. అది సోలోకి ధైర్యమిచ్చే గుణమే, కానీ స్పిన్ నేర్చుకోవడానికి పనికిరాదు. అందుకే చాలా క్లబ్బులు స్పిన్ పాఠాన్ని పుహాచ్ లాంటి వేరే గ్లైడర్‌లో చెప్తాయి. మీరు చేరే చోట స్పిన్ ఎందులో నేర్పుతారో అడగండి. "మా దాంట్లో స్పిన్ రాదు, దాని అవసరం లేదు" అని జవాబొస్తే నేనైతే వెనక్కి తిరుగుతాను. రేపు మీరు ఎక్కబోయే ఒంటి సీటు గ్లైడర్‌కి ఆ సంగతి తెలియదు కదా.

బరువు గురించి ఎవరూ ముందు చెప్పరు, మొహమాటం కాబోలు. సీటుకి కనిష్ఠ, గరిష్ఠ పరిమితులు ఉంటాయి, కాక్‌పిట్‌లో ప్లేట్ మీద రాసి ఉంటుంది. ఏఎస్‌కే 21లో గరిష్ఠం పారాచూట్‌తో కలిపి 110 కిలోలు, ముందు సీటుకి కనిష్ఠం 70. తక్కువున్నవాళ్లకి బ్యాలస్ట్ (అదనపు బరువు) పెడతారు, ఎక్కువున్నవాళ్లకి చేసేదేమీ లేదు. చేరాక తెలుసుకోవడం కన్నా ఫోన్‌లోనే అడిగేయడం నయం.

సొంత గ్లైడర్ సంగతి ఒక్క మాటలో: సోలో కాకముందే చౌకగా వస్తోందని ఒంటి సీటుది కొనడం ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు. ఒక సీజన్ క్లబ్ గ్లైడర్ల మీద తిరిగాక నలుగురితో కలిసి వాటా తీసుకోండి.

సిమ్యులేటర్ ఉపయోగమా, చేటా?

రెండూ. గ్లైడర్ల కోసమే చేసిన కాండోర్ లాంటి సిమ్యులేటర్లు బాగుంటాయి. ఏరోటోలో విమానం వెనక నిలబడటం, సర్క్యూట్ వరస, థర్మల్ మధ్యకి జరగడం, చెక్‌లిస్ట్ నోటికి రావడం, వీటికి డబ్బు ఆదా చేస్తాయి. వీఆర్ హెడ్‌సెట్ ఉంటే ఇంకా నయం, తల తిప్పి చూసే అలవాటు వస్తుంది.

నాకు హెడ్‌సెట్ లేదు, మామూలు స్క్రీన్. దాంతో మీటర్లు చూస్తూ ఎగరడం బాగా ఒంటబట్టింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, అసలు గ్లైడర్ ఎక్కకముందే రోజూ రాత్రి గంటల తరబడి కూర్చునేవాణ్ని. పన్నెండో ఫ్లైట్‌లో ఇన్‌స్ట్రక్టర్ ఏమీ అనకుండా మడతపెట్టిన మ్యాప్ ఒకటి ముందుకి అందించి, "దీన్ని మీటర్ల మీద కప్పెయ్" అన్నారు. కప్పాక ఒక నిమిషం కళ్లు కట్టేసినట్టు అనిపించింది. తర్వాత మెల్లగా, ముక్కు పైన దిగంతం ఎంత కనిపిస్తోందో, గాలి హోరు ఎంతుందో, కానపీ (కాక్‌పిట్ మీది గాజులాంటి మూత) మీద అంటించిన ఊలు దారం ఎటు వాలిందో, అవన్నీ కనిపించడం మొదలయ్యాయి. ఆ దారం కొస ఎడమకి పోతే కుడి కాలు నొక్కాలి. అంత ఖరీదైన యంత్రంలో మూరెడు కూడా లేని దారం ముక్క చెప్పే మాటే అన్నిటికన్నా నమ్మకమైనది. ఆ రోజు దిగాక చూస్తే, ఆ ఫ్లైట్‌లో వేరే గ్లైడర్‌ని నాకంటే ముందు ఆయన చూడటం ఒక్కసారే జరిగింది, అంతకుముందు ప్రతిసారీ ఆయనే ముందు చూసేవారు.

కాబట్టి సిమ్యులేటర్ వాడండి, మొదటి ఐదారు అసలు ఫ్లైట్లు అయ్యాక మొదలుపెట్టండి. ల్యాండింగ్ చివరి పది మీటర్లు మాత్రం దాంట్లో నేర్చుకోవాలని చూడకండి, అది కళ్ల కొసలతోనూ కూర్చున్న సీటుతోనూ తెలిసేది.

ముందు విమానమా, ముందు గ్లైడరా?

చివరికి విమానం నడపాలన్నదే మీ కోరిక అయినా ముందు గ్లైడర్ నేర్చుకోవడం లాభమే అంటాను. గ్లైడర్ రెక్కలు పొడవు, స్టిక్ పక్కకి వంచితే ముక్కు అవతలి పక్కకి లాగుతుంది. కాలు కలపకపోతే మలుపు సరిగ్గా తిరగదు. ఈ కాళ్ల పని ఒకసారి వస్తే పోదు. 1983 జూలై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767కి 41,000 అడుగుల ఎత్తులో ఇంధనం అయిపోయి ఇంజిన్లు ఆగిపోతే, గిమ్లీలోని పాత వైమానిక స్థావరంలో దాన్ని దించిన కెప్టెన్ బాబ్ పియర్సన్ గ్లైడర్ పైలట్ కూడా. ఎత్తు మరీ ఎక్కువగా ఉందని చూసి ఆయన అంత పెద్ద విమానాన్నీ సైడ్‌స్లిప్ చేసి, అంటే పక్కవాటుగా జార్చి ఎత్తు తగ్గించారు. క్లబ్‌లో పదిహేనేళ్ల పిల్లలు నేర్చుకునే పాఠమే అది.

ఇప్పటికే విమానం పైలట్ అయినవాళ్లకి దారి చిన్నదే. అమెరికాలో 40 గంటల విమాన అనుభవం ఉంటే గ్లైడర్ గంటలు 10కి బదులు 3, దానితో 10 సోలో ఫ్లైట్లు, 3 ట్రైనింగ్ ఫ్లైట్లు. కానీ నేను చూసినంతలో వాళ్లకి కష్టమయ్యేది గ్లైడర్ నడపడం కాదు, పాత అలవాటు. కాళ్లు నిద్రపోతుంటాయి, సర్క్యూట్ మరీ పెద్దది చేస్తారు. "ఎత్తు చాలకపోతే" అన్న ప్రశ్నకి జవాబుగా ఎడమ చెయ్యి థ్రాటిల్ కోసం వెతుకుతుంది. వాళ్లు కనీసాలతో సరిపెట్టుకోకుండా ఇంకో ఇరవై ల్యాండింగులు చేయడం మేలు.

మోటారు ఉన్న గ్లైడర్ల మీద మొదలుపెట్టడం గురించి కూడా అడుగుతుంటారు. ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు, గంటలో ఎన్నో సర్క్యూట్లు చేయొచ్చు. యూరప్ నిబంధనల్లో 15 గంటల్లో 7 దాకా టూరింగ్ మోటార్ గ్లైడర్ మీద చేసినా ఒప్పుకుంటారు. ల్యాండింగ్ సాధనకి మంచి పనిముట్టు. కానీ ఇంజిన్ ఉందన్న ధీమా మనసులో మిగిలిపోతే అసలు గ్లైడర్ ఎక్కిన రోజున అది ఇబ్బంది పెడుతుంది. మధ్యలో వాడండి, మొదట్లోనూ చివర్లోనూ వద్దు.

చేరే ముందు ఒక రోజు

డబ్బు కట్టే ముందు ఒక ఎగిరే రోజున వెళ్లి కూర్చోండి. వాచీ చూసుకుని గంటలో ఎన్ని లాంచ్‌లు అయ్యాయో లెక్కపెట్టండి. ఎంతమంది విద్యార్థులు వరసలో ఉన్నారో, ఎంతమంది ఇన్‌స్ట్రక్టర్లు ఉన్నారో చూడండి. ఒక భాగాహారంతో మీకు రోజుకి ఎన్ని దక్కుతాయో తెలుస్తుంది. పొద్దున బ్రీఫింగ్ అందరినీ నిలబెట్టి చెప్తున్నారా, లేక నడుస్తూ నడుస్తూ రెండు ముక్కలు అనేస్తున్నారా? లాంచ్ జరగబోతుండగా ఎవరో కొత్త కుర్రాడు "ఆపండి" అని అరిస్తే ఏం చేశారు? నేను చూసిన ఒక చోట అలా అరిచిన అమ్మాయిని అందరి ముందూ విసుక్కున్నారు, ఆకాశంలో ఏమీ లేదు కదా అని. ఇంకో చోట అనవసరంగా ఆపించిన వాడికి కూడా ఇన్‌స్ట్రక్టర్ బొటనవేలు చూపించి, మళ్లీ మొదటి నుంచి చెక్ మొదలుపెట్టారు. నేను రెండో చోట చేరాను. అక్కడ గంటకి లాంచ్‌లు రెండు తక్కువే.

ట్రయల్ ఫ్లైట్ తీసుకుంటే పైనుంచి ఫొటోలు తీసుకోవడంలో పడిపోకండి, ఒక ఐదు నిమిషాలైనా స్టిక్ మీ చేతికి ఇవ్వమనండి. బూట్లు పలచటి అడుగు ఉన్నవి వేసుకోండి, పెడళ్ల మధ్య జాగా తక్కువ. టోపీ తప్పనిసరి, కానీ ముందుకి అంచు లేనిది. అంచు ఉన్న టోపీ పెట్టుకుంటే సరిగ్గా మీ నెత్తిమీద తిరుగుతున్న గ్లైడరే మీకు కనిపించదు.